రెండో బోల్టు

13 అక్టోబర్ 2022, గురువారం

ఏ మాటైనా నేను నరసింహస్వామికే చెప్పుకుంటాను. పెళ్లయి ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచి అంతే. ఇంటాయనతో అనలేనివి, అమ్మతో అనలేనివి పొద్దున దీపం పెట్టి, పెదవులు కదలకుండా స్వామికి చెప్పేసి, లేచి వంటింట్లోకి పోతాను. ఇప్పుడు అది జరగడం లేదు. దీపం పెడుతున్నాను, చేతులు జోడిస్తున్నాను, మాట రావడం లేదు. ఏ వస్తువు గురించి చెప్పాలో అది స్వామి పటం వెనకే ఉంది. అక్కడ పెట్టింది నేనే. చూసినవాడికి కొత్తగా ఏం చెప్పాలి?

అందుకే ఈ డైరీ తీశాను. సిమెంటు ఫ్యాక్టరీ వాళ్లు ఏదో కొత్త సంవత్సరానికి మా ఇంటాయనకు ఇచ్చింది. ఒక్క పేజీ కూడా వాడలేదు. అచ్చు తేదీలు కొట్టేసి రాసుకుంటున్నాను. ప్రతి పేజీ కింద ఒక భద్రతా సూక్తి ఉంది. ఈ పేజీ కింద ఉన్నదాన్ని చేత్తో కప్పుకొని రాస్తున్నాను.

పోయిన గురువారం, దసరా తెల్లారి, మా బిడ్డ మనస్విని వాళ్ల నాయిన కుడిచేతి వేళ్లు చెక్క కోసే మిషన్లో పోయాయి. చూపుడు వేలు సగం, నడిమి వేలు మొత్తం. ఖమ్మం దవాఖానలో కుట్లు వేసి ఇంటికి పంపారు. ప్రాణానికి ఏమీ లేదు. వచ్చినవాళ్లందరూ అదే అంటున్నారు. ప్రాణానికి ఏమీ లేదు.

14 అక్టోబర్

అన్నం కలిపి ముద్ద పెట్టబోయాను. "చెంచా ఇయ్యి. ఎడమచేత్తోని తింట," అన్నారు. ఇచ్చాను.

16 అక్టోబర్, ఆదివారం

ఆయన కొట్టంలో కూర్చుని రంపపు పొట్టు జల్లెడ పడుతున్నారు. పిండి జల్లెడ అడిగితే నేనే ఇచ్చాను. కట్టు ఉన్న చెయ్యి ఒళ్లో పెట్టుకొని, ఎడమచేత్తో పొట్టు ఎత్తి పోసి, అటూ ఇటూ ఆడించి, మిగిలిన చెక్కముక్కలను ఒక్కొక్కటిగా చూస్తున్నారు. మిషన్ మూతకు రెండు బోల్టులుండాలి. ఆ పొద్దు ఒకటే ఉంది. రెండోదాని కోసం వెతుకుతున్నారు.

"ఏడికి పోతది? ఇనుము. నీళ్లల్ల కరుగుతదా?" అన్నారు.

"చెయ్యి నొస్తది, లేవండి," అన్నాను.

ఆ కొట్టాన్ని ఆయన ఎట్లా కట్టుకున్నారో తలుచుకుంటే అన్నం దిగదు. బర్రెను అమ్మేశాక ఖాళీగా పడి ఉండేది. ఫ్యాక్టరీ నుంచి రిటైరై రాగానే "ఇగ నా పని ఇంట్లనే" అన్నారు. చెక్కపని అంటే మొదటి నుంచీ ఇష్టం. ఫ్యాక్టరీలో చివరి ఏండ్లు సేఫ్టీ సెక్షన్లో చేశారు. రెండూ కలిపి కట్టుకున్నారు. బర్రె మూత్రం పోవడానికి వాలుగా ఉన్న నేలను పగలగొట్టి సమం చేయించారు, మిషన్ ఊగకూడదని. ఇంటి కరెంటుతో కలపకుండా వేరే వైరు లాగించారు. రెండు చేతులూ పనిలో ఉన్నా తొడతో నొక్కేటట్టు ఎర్ర బటన్‌ను కిందికి పెట్టించారు. పైన ఒక రేకు తీసి వెలుతురు పడే రేకు వేశారు. చెక్కను బ్లేడు దగ్గరికి చేత్తో తొయ్యకుండా వేపకర్రతో తోపుడు కర్ర చెక్కుకున్నారు. మిషన్ చుట్టూ నేల మీద పసుపు గీత గీశారు. గోడ మీద పెద్ద అక్షరాలతో రాశారు: "వదులు బట్టలతో రావద్దు. గీత దాటే ముందు అడగండి. మూత లేకుండా మిషన్ ముట్టవద్దు."

మా మరిది పరమేశ్ అది చదివి నవ్వాడు. "అన్నా, గిది కొట్టమా, ఫ్యాక్టరీ గేటా? బర్రె ఉన్నప్పుడే నయముండె, అడగకుంట లోపలికొస్తుంటిమి."

"బర్రె తన్నితే కాలు వాస్తది. గిది తన్నితే చెయ్యే పోతది," అన్నారు ఆయన.

నేను కూడా నవ్వాను ఆ రోజు.

పొద్దున మిషన్ వేసే ముందు అరచేత్తో తట్టి చూస్తూ "మూత, బటన్, కర్ర" అని పైకి అనుకునేవారు. ఇటు నేను నరసింహ స్తోత్రం చదువుకుంటుంటే అటు నుంచి ఆ మాటలు వినిపించేవి.

దసరా నాడు పనిముట్లకు పూజ చేయాలి కదా. ఆయన పరమేశ్ ఇంటికి పోతూ "బొట్టు మూతకు పెట్టు, చాలు" అని చెప్పి పోయారు. నేను పళ్లెం పట్టుకొని కొట్టంలోకి పోయాను. కొంగు నడుముకు దోపుకున్నాను, స్విచ్చు తీసి ఉందో లేదో చూశాను. అంతవరకు ఆయన చెప్పినట్టే చేశాను. కానీ చిన్నప్పటి నుంచి మా ఇంట్లో కొడవలికి బొట్టు పిడికి పెట్టరు, పదునుకు పెడతారు. నాగలికి కర్రుకు పెడతారు. తెగేది ఏదో దానికే దండం. ఆ ప్లాస్టిక్ మూతకు బొట్టు పెడితే గుడి గోడకు పెట్టి వచ్చినట్టు అనిపించింది. మూత బోల్టులు చేత్తో తిప్పితేనే వచ్చాయి. రెండూ పళ్లెంలో వేసుకున్నాను. మూత తీసి, బ్లేడుకు పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, బంతిపూల దండ వేశాను. ఆ చక్రం అమ్మవారి ముఖంలాగా వెలిగింది. మనసు నిండింది.

అంతలో సోమమ్మ గోడ అవతలి నుంచి పిలిచింది. మూత పెట్టి, ఒక బోల్టు బిగించాను. చేతికి నూనె, పసుపు. రెండోది పళ్లెంలో అక్షింతల కిందికి పోయింది. మరిచిపోయాను. దవాఖాన నుంచి వచ్చాక పళ్లెం కడుగుతుంటే దొరికింది.

అదీ జరిగింది. మరుపు. ఎవరికైనా వస్తుంది.

17 అక్టోబర్

కాలువలో పారేద్దామని కొంగులో కట్టుకున్నాను. గడప దాటలేక మళ్లీ పటం వెనకే పెట్టాను.

19 అక్టోబర్

పక్కింటి సోమమ్మ వచ్చి అరుగు మీద కూలబడి ఏడ్చింది. ఆ పొద్దు ఆయన కోస్తున్నది ఆమె నులక మంచానికి కోళ్లు.

"నా పాడు మంచం కోళ్లు, అన్నా! పండుగ తెల్లారే కావాలని నేనే పానం తీసిన. నేల మీద పండుకుంటే నా నడుమేమన్న ఇరుగుతుండెనా?"

"ఊకో సోమమ్మా. మంచమేం జేసింది? మూత లూజున్నది. పక్కకు ఒరిగి బ్లేడు మీద పడవోయింది. పట్టుకుందామని చెయ్యి వెట్టిన. తప్పు నాది. బోల్టు చూసుకోలే."

"మట్టపల్లి నర్సింహసామికి మొక్కిన. నీ చెయ్యి మానితే నా తల ఎంటికలిస్త."

నేను చాయ్ తెచ్చి ఇచ్చాను. "నువ్వన్న చెప్పు భాగ్యక్కా, నాదే పాపం కదా?" అని నా చెయ్యి పట్టుకుంది.

"నీది కాదు," అన్నాను. అంతవరకే వచ్చింది నోట్లోంచి.

22 అక్టోబర్, శనివారం

పొద్దున ఆయన పళ్లు తోముకుంటూ అడిగారు. "భాగ్యా, పండుగకు ముందు రోజు నేను మూత తీసిన్నా?"

"నాకేం తెలుసు," అన్నాను.

"బోల్టు బిగించినట్టు నాకు యాదుంది. ఇగో గిట్ల తిప్పినట్టు చేతికి యాదుంది." లేని వేళ్లతో గాలిలో తిప్పి చూపించారు. "పొద్దుగాల మూత తట్టి కూడ చూసిన. గట్టిగనే అనిపిచ్చింది. మరి ఏడికి పోయింది? తీసి యాడనో పెట్టి మరిచిపోయి, మరిచిపోయిన సంగతి కూడ మరిచిపోయిన్నా?"

నోరు పుక్కిలించి చెంబు కింద పెట్టారు. చివరికి అన్నారు, "అవ్వకు కూడ గిట్లనే షురువైంది."

అవ్వ అంటే మా అత్త గుర్వమ్మ. చివరి ఏండ్లు నేనే చూసుకున్నాను. మొదట తాళంచెవులు మరిచిపోయింది. తర్వాత తిన్నది మరిచిపోయింది. తర్వాత కొడుకు ముఖం చూసి "ఎవరి పిలగానివి బిడ్డా" అని అడిగింది. ఆ రోజు ఆయన కొట్టంలోకి పోయి బర్రె మెడ పట్టుకొని నిలబడ్డారు. నేను చూశాను.

అప్పుడే చెప్పాల్సింది. నోరు తెరిచాను కూడా. పాలు పొంగుతున్న వాసన వచ్చి లోపలికి పోయాను. నిజంగానే పొంగాయి.

24 అక్టోబర్, దీపావళి

కొట్టంలో దీపం పెట్టవద్దన్నారు. పొట్టు ఉంది, అంటుకుంటుందని. వేళ్లు పోయినా ఆయనకు జాగ్రత్త పోలేదు. మతి పోయినవాళ్లు ఇట్లా ఉంటారా?

25 అక్టోబర్

ఇవాళ సూర్యగ్రహణం. దేవుని గది తలుపు వేసి ఉంది. స్వామి చూడడం లేదన్న ధైర్యంతో రాస్తున్నానేమో.

ముందు రాసింది అబద్ధం. బోల్టు నాకు దవాఖాన నుంచి వచ్చాక దొరకలేదు. దసరా సాయంత్రమే దొరికింది.

జమ్మి ఆకు పట్టుకొని పరమేశ్ వచ్చాడు. "వదినె, బంగారం," అని చేతిలో పెట్టి కాళ్లకు మొక్కడానికి వంగాడు. అక్షింతల కోసం పళ్లెంలో చెయ్యి పెడితే వేళ్లకు ఇనుము తగిలింది. బోల్టు. కుంకుమలో తడిసి ఎర్రగా ఉంది. పిడికిట్లోంచి అక్షింతలు మాత్రం పరమేశ్ తల మీద వేసి "సల్లగుండు" అని దీవించాను. తర్వాత బోల్టును పటం వెనక పెట్టాను.

ఆయన అక్కడే ఉన్నారు. వసారాలో. వచ్చినవాళ్లతో అలయ్ బలయ్ తీసుకుంటూ నవ్వుతున్నారు. ఒక్క మాట చెబితే లేచి పోయి బిగించుకునేవారు. గీత దాటినందుకు, మూత తీసినందుకు అందరి ముందు ఒక మాట అనేవారు. అంతే. ఆ మాట పడలేక ఊరుకున్నాను. పండుగ పూట ఎందుకు, పూజ చేసిన పనిముట్టును తెల్లారేదాకా కదపకూడదు కదా, పొద్దున తలకు పోసుకొని పోయి నేనే బిగించి వస్తాను, ఎవరికీ తెలియదు అనుకున్నాను. శాస్త్రం అడ్డం పెట్టుకున్నాను.

నేను నీళ్లు పోసుకొని వచ్చేలోపే ఆయన మిషన్ వేశారు.

28 అక్టోబర్, శుక్రవారం

మనస్విని నల్లగొండలో ల్యాబులో పనిచేస్తుంది. నాయిన మాటలు ఫోనులో విని భయపడి, అక్కడి డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. నేనూ పోయాను. డాక్టరు నెల పేరు అడిగాడు, వెనక్కి లెక్కపెట్టమన్నాడు, అన్నీ చెప్పారు. గడియారం బొమ్మ గీయమన్నాడు. ఎడమచేత్తో గీశారు. గుండ్రం రాలేదు, పగిలిన కుండ పెంకులాగా వచ్చింది. అంకెలన్నీ ఒక పక్కకు పడ్డాయి. ఆయన ఆ కాగితం చూసి పెన్ను కింద పెట్టేశారు.

"అది ఎడమచెయ్యి కాబట్టి వచ్చింది. మీకు ఏ జబ్బూ లేదు. దెబ్బ తగిలిన దిగులు," అన్నాడు డాక్టరు.

మమ్మల్ని ఇంట్లో దింపడానికి వస్తూ బస్సులో మనస్విని "ఇన్నవా నాయినా, ఏం లేదన్నడు. ఇగ ఫికర్ జెయ్యకు" అంది.

"అవ్వకు కూడ మొదట్ల గట్లనే అన్నరు బిడ్డా," అన్నారు ఆయన. మడిచి జేబులో పెట్టుకున్న ఆ గడియారం బొమ్మ తీసి మళ్లీ చూసుకున్నారు.

మనస్విని నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. దాని జుట్టు నిమురుతూ కూర్చున్నాను.

30 అక్టోబర్

బండి నడపడం మానేశారు. చెయ్యి వల్ల కాదట. "తొవ్వ మరిచిపోతే?" అంటున్నారు. మేళ్లచెరువులో పుట్టి పెరిగిన మనిషి.

31 అక్టోబర్, సోమవారం

హుజూర్‌నగర్ నుంచి విజేందర్ అనే ఆయన వచ్చి మిషన్ చూసిపోయాడు. ఫర్నిచర్ దుకాణం ఉందట. గోడ మీద రాసింది చదివి, పసుపు గీత బయటే చెప్పులు విడిచి నిలబడ్డాడు.

"మిషన్ గింత మంచిగ పెట్టుకున్నరు, ఎందుకు అమ్ముతున్రు సార్? వేళ్లు పోయినోళ్లు మస్తు మంది చేస్తున్రు."

"వేళ్లు పోతే చెయ్యొచ్చు తమ్మీ. యాది పోతే చెయ్యొద్దు. నేను కోసుకుంటే కోసుకున్న, రేపు ఇంకోనికి తగిలితే?"

వచ్చే ఆదివారం బండి తెచ్చి తీసుకుపోతానన్నాడు. ఆయన సరేనన్నారు. విజేందర్ పోయాక ఆయన మిషన్‌ను తడిగుడ్డతో తుడిచారు, అత్తవారింటికి పంపే పిల్లకు ముఖం కడిగినట్టు.

నాకు ఒక ఉపాయం తోచింది. ఇది చెప్పకుండానే చక్కబడుతుంది.

1 నవంబర్

బోల్టు కడిగి, పొట్టులో వేశాను. మిషన్ కాలి దగ్గర, గోడ మూలకు. ఆయనకు దొరుకుతుంది. అదురుకు ఊడి పడిందని అనుకుంటారు. మతి మీద అనుమానం పోతుంది. విజేందర్‌ను రావద్దంటారు.

స్వామీ, ఇది కూడా అబద్ధమేనా? ఒక మనిషి మనసు కుదుటపడడానికి.

2 నవంబర్, బుధవారం

దొరికింది.

వంటింట్లో ఉన్నాను. "భాగ్యా!" అని కేక వేశారు. పరుగెత్తాను. మూలన గొంతుకూర్చుని, ఎడమ అరచేతిలో బోల్టు పట్టుకొని ఉన్నారు. నవ్వుతారనుకున్నాను.

"గిది ఈడనే ఉన్నది," అన్నారు.

"చూసిన్రా, నేను చెప్పలే? ఊడి పడ్డట్టుంది," అన్నాను.

"గీ మూల నేను ఎన్నిసార్లు జల్లెడ వట్టిన్నో నీకెర్కేనా? మొన్న కూడ పట్టిన. పొట్టంతా తీసి, నేల ఊడిచి, మళ్ల పోసిన. ఉంటే కనవడకపోవునా?" నా ముఖంలోకి చూశారు. భయంతో చూశారు. "అంటే జల్లెడ పట్టినట్టు నేను అనుకున్న, అంతే. పట్టనే లేదు. పట్టినట్టు యాదుంది, పట్టలే. గదే భాగ్యా. గదే షురువైంది."

బోల్టును వెలుతురు రేకు కిందికి తీసుకుపోయి, కళ్లద్దాలు సవరించుకొని చూశారు. నేను ఎంత కడిగినా మర సందుల్లో ఎర్రటిది మిగిలింది. గోటితో కొద్దిగా గీకారు.

"నెత్తురు," అన్నారు. "నాదే. ఎండిపోయింది."

జేబురుమాలు తీసి, బోల్టు అందులో చుట్టి, చొక్కా జేబులో పెట్టుకున్నారు, చనిపోయినవాళ్ల గుర్తేదో దాచుకున్నట్టు.

3 నవంబర్

అది కుంకుమ.

4 నవంబర్

కార్తీక శుక్రవారం. తులసి దగ్గర దీపం మూడుసార్లు ఆరింది. గాలి లేదు. గాలి ఉండే ఉంటుంది.

5 నవంబర్, శనివారం

చెప్పాను.

రేపు విజేందర్ బండి వస్తుంది. ఆయన కొట్టంలో తోపుడు కర్రను, పొట్టు కంట్లో పడకుండా పెట్టుకునే కళ్లద్దాలను గోనెసంచిలో సర్దుతున్నారు. "మిషన్‌తోనే ఇచ్చేస్త. వాళ్లింట్ల ఎవలన్న పెట్టుకోరు గావచ్చు, అయినా ఇస్త," అంటున్నారు. నేను పసుపు గీత దగ్గర నిలబడ్డాను. అక్కడి నుంచే చెప్పాలనుకున్నాను. మాట అంత దూరం పోదనిపించింది.

"లోపలికి రావచ్చా?" అని అడిగాను.

ఆయన తల ఎత్తారు. ఎప్పుడూ అడగలేదు నేను. "రా," అన్నారు.

"ఆ బోల్టు మీదిది నెత్తురు కాదు. కుంకుమ."

అర్థం కానట్టు చూశారు.

"దసరా నాడు మూత నేను తీసిన. బ్లేడుకు బొట్టు పెడుదామని. రెండోది బిగించలే. అది నా పళ్లెంలకు వచ్చింది. మొన్న నేనే పొట్టుల వేసిన. మీరు జల్లెడ పట్టినప్పుడు అది ఈడ లేదు. మీరు పట్టిన్రు. మంచిగనే పట్టిన్రు."

"మళ్ల చెప్పు," అన్నారు.

మళ్లీ చెప్పాను.

"గోడ మూలకు నేను పట్టిన్నా?"

"పట్టిన్రు. అన్నిసార్లూ పట్టిన్రు. నేను వంటింటి కిటికీలకెల్లి చూసిన."

చెక్కల మీద కూర్చుండిపోయారు. జేబులోంచి రుమాలు తీశారు, విప్పారు, బోల్టును ముక్కు దగ్గర పెట్టుకొని వాసన చూశారు. భుజాలు కదిలాయి. ఏడుస్తున్నారేమో అనుకున్నాను. నవ్వుతున్నారు. కళ్లలో నీళ్లు కారుతూ నవ్వుతున్నారు.

"అంటే నేను మంచిగనే ఉన్న," అన్నారు. "నాకు యాదుంది. బిగించిన. పండుగ ముందు రోజు బిగించిన. నా చేతికి యాదున్నది నిజమే."

"నిజమే," అన్నాను.

తర్వాత నవ్వు ఆగింది. అది ఆగుతుందని నాకు తెలుసు.

"నీకు ఎప్పుడు దొరికింది? పండుగ నాడా, తెల్లారా?"

ఇక్కడ కూడా తప్పించుకోవచ్చు. డైరీలో ఒకసారి తప్పించుకున్నాను.

"పండుగ నాడు. మాపటికి. పరమేశ్‌కు అక్షింతలు వేసేటప్పుడు."

"నేనాడనే ఉన్న కదనే."

"ఉన్నరు."

"ఎందుకు చెప్పలే?"

"అరుస్తరని."

ఆయన నా మీద ఎప్పుడు అరిచారు? ఈ ముప్పై ఏండ్లలో ఎన్నిసార్లు? ఆయన కూడా అదే ఆలోచిస్తున్నట్టు చూశారు. లేచి బయటికి పోయారు. గీత దాటాక ఆగి, వెనక్కి తిరగకుండా అన్నారు. "వేళ్లు పోయినందుకు కాదు. నెల నుంచి నేను అవ్వ లెక్క అయితున్ననని సస్తుంటే, చాయ్ పోసిచ్చినవ్ సూడు."

అరిస్తే బాగుండేది.

6 నవంబర్

విజేందర్ బండి వచ్చింది. ఆయన వాకిట్లోనే ఆపి, చేతులు జోడించి, "తమ్మీ, మాఫ్ చెయ్యి, మిషన్ ఇయ్యను" అన్నారు. విజేందర్ గొణుక్కుంటూ ఖాళీ బండితో పోయాడు.

నాతో మాట్లాడడం లేదు.

8 నవంబర్

ఇవాళ కూడా గ్రహణం, చంద్రుడికి. గుళ్లన్నీ మూశారు. మాట్లాడలేదు.

11 నవంబర్

"ఉప్పు," అన్నారు. తెచ్చి ఇచ్చాను. మొదటి మాట.

15 నవంబర్, మంగళవారం

పరమేశ్ వచ్చాడు. "అన్నా, మిషన్ అమ్మనంటివట. మరి బోల్టు సంగతి తేలిందా?"

నేను గుమ్మంలో నిలబడ్డాను. చెప్పడానికి సిద్ధమై వచ్చాను. "పరమేశూ, అది..." అన్నాను.

ఆయన నా మాట మీద మాట వేశారు. "తేలింది. నేనే బిగించలే. పండుగ హడావిడిల మరిచిన. అంతే. అందరు మరుస్తరు."

"గంతేనా! గా మాత్రానికి అవ్వ రోగం, అవ్వ రోగం అని మమ్ముల సంపితివి," అని నవ్వాడు పరమేశ్.

వాడు పోయాక అడిగాను. "ఎందుకట్ల చెప్పిన్రు?"

"నేను మరిచిన్నంటే వయసు అంటరు, ఇడిసిపెడ్తరు. నువ్వని తెలిస్తే పెండ్లాం పూజ చేసి మొగుని వేళ్లు తెంపిందంటరు. నువ్వు గుడికి పోతే గదే అంటరు. మనస్విని పిల్లలు పెద్దగైనంక కూడ గదే అంటరు." పరమేశ్ తాగిన గ్లాసు తీసి నా చేతికిచ్చారు. "నాకు చెప్పినవ్ కదా. చాలు."

ఆయన చెయ్యని తప్పును ఊరందరి ముందు తన మీద వేసుకున్నారు. ఇది మంచితనమో శిక్షో నాకు తెలియడం లేదు. రెండూ కావచ్చు.

20 నవంబర్, ఆదివారం

సోమమ్మ మొక్కు తీర్చుకోవడానికి మట్టపల్లి పోయాం. వద్దని ఎంత చెప్పినా వినలేదు. కృష్ణ ఒడ్డున కూర్చుని తల వంచింది. జుట్టు కుప్పగా పడుతుంటే నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను.

"ఎందుకేడుస్తవ్ భాగ్యక్కా? ఎంటికలదేమున్నది, మళ్ల మొలుస్తయ్," అంది.

నేను ప్రదక్షిణలు చేశాను. స్వామికి ఏమీ చెప్పలేదు. తిరిగాను, అంతే.

28 నవంబర్

కొట్టంలోంచి పిలిచారు. రంగు డబ్బా, కుంచె నాకిచ్చారు. "నాకు చెయ్యి తిరుగుతలేదు. నువ్వు రాయి. నీ అక్షరం గుండ్రంగ ఉంటది."

గోడ మీద పాత నియమాల కింద ఆయన చెప్పింది రాశాను: "విప్పినవాళ్లే బిగించాలి. బిగించలేకపోతే అప్పుడే చెప్పాలి."

"అప్పుడే" అన్న మాట సన్నగా పడింది. "జర మందంగ రాయి," అన్నారు. మళ్లీ దిద్దాను.

కొట్టంలోకి వచ్చే ప్రతివాళ్లూ అది చదువుతారు. ఎవరికీ ఏమీ తెలియదు. నాకు మాత్రం రోజూ కనబడుతుంది. మూత బోల్టులు రెండింటికీ సన్నటి గొలుసులు కట్టారు, విప్పినా మిషన్‌కే వేలాడేటట్టు. ఆ రెండోది పాతదే. మార్చలేదు.

24 అక్టోబర్ 2023, మంగళవారం

ఏడాది తర్వాత ఈ డైరీ మళ్లీ తీశాను.

నిన్న దసరా. పళ్లెం పట్టుకొని గీత దగ్గర నిలబడి "రావచ్చా" అని అడిగాను. ఆయన ఎర్ర బటన్ నొక్కి, ప్లగ్గు పీకి, పక్కన నిలబడ్డారు. మూత మీద బొట్టు పెట్టాను. గుడి గోడకు పెట్టినట్టు అనిపించలేదు ఈసారి. కాపాడేది అదే కదా. దండ కూడా మూతకే వేశాను. ఆయన మూడున్నర వేళ్ల చెయ్యి చాపారు. దాని మీద కూడా కొద్దిగా కుంకుమ పెట్టాను.

"మూత, బటన్, కర్ర," అన్నారు.

సోమమ్మ మంచం కోళ్లు ఈ ఎండాకాలమే పూర్తి చేశారు. జుట్టు మెడ దాకా పెరిగింది ఆమెకు.

ఇక మిగిలింది ఒకటే. ఆయనకు చెప్పనిది, ఇందులో కూడా దాటేసినది.

ఆ పొద్దు నేను నీళ్లు పోసుకొని వచ్చేలోపే ఆయన మిషన్ వేశారని రాశాను. నిజమే. కానీ నేను లోపల ఉండగా ఆ చప్పుడు నాకు వినిపించింది. "మూత, బటన్, కర్ర" అన్న మాటలు కూడా వినిపించాయి. అరిస్తే వినపడేంత దూరం. తల మీద సగం పోసుకున్నాను, తడిబట్టతో ఎట్లా పోవాలి, ఒక్క చెంబు పోసుకొని పోదామనుకున్నాను. పోసుకున్నాను. ఆ నీళ్లు ఒంటి మీద జారుతుండగా ఆయన కేక వినిపించింది.

ఇది ఆయనకు చెప్పాలా? చెబితే ఎవరికి మేలు? వేళ్లు రావు. ఆయన ఇప్పుడు రాత్రిళ్లు నిద్రపోతున్నారు. చెప్పకపోవడం ఆయన కోసమేనని అనుకుంటున్నాను. దసరా సాయంత్రం కూడా అట్లాగే ఏదో అనుకున్నాను.

ఇవాళ పొద్దున దీపం పెట్టి స్వామికి చెప్పాను. పెదవులు కదిలాయి. పైకే వచ్చింది మాట, చెంబుతో సహా. చెప్పాక లేచి వంటింట్లోకి పోయాను.

మనస్వినీ, ఎప్పుడో ఒకరోజు దేవుని గది సర్దుతుంటే పటం వెనక ఇది నీకు దొరుకుతుంది. చింపవద్దు బిడ్డా, నిప్పులో వేయవద్దు. తప్పు జరిగిన చోట దాని ఆనవాలు ఒకటి ఉండాలి. కానీ బాబాయికి గాని, సోమమ్మకు గాని, నీ పిల్లలకు గాని చూపించవద్దు. నీ నాయిన ఊరందరికీ ఒక మాట చెప్పారు. ఆయన బతుకులో ఆడిన అబద్ధం అదొక్కటే. దాన్ని అబద్ధం చేయవద్దు. ఎక్కడ దొరికిందో అక్కడే పెట్టి, పటం మీద దుమ్ము తుడిచి, దీపం పెట్టి రా.